ఎల్‌కేజీ టీచరుకు ఏ చదువు కావాలి?

కావలి దగ్గరి పల్లె నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు కాబట్టి విషయం వరకే చెబుతాను. వయసు 31. ఇంటర్ సీఈసీ పాసయ్యారు. డిగ్రీ మొదటి సంవత్సరంలో పెళ్లయి చదువు ఆగిపోయింది. భర్త అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద పని చేస్తారు. కొడుకు రెండో తరగతి. ఇంట్లో అత్తగారు ఉన్నారు. ఐదేళ్లుగా ఈమె కావలిలో ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ పిల్లలకు చెబుతున్నారు. జీతం నెలకు 6,000.

ఈ ఏడాది కరస్పాండెంట్ పిలిచి, జూన్‌లోపు ట్రైనింగ్ సర్టిఫికెట్ తెస్తేనే టీచరుగా ఉంచుతామని, లేకపోతే ఆయా పనికి మారాలని చెప్పారట. నెల్లూరులో ఒక సెంటర్ వాళ్లు ఆరు నెలల ‘మాంటిస్సోరి డిప్లొమా’ 38,000 రూపాయలకు ఇస్తామన్నారు, అది ప్రభుత్వ ఉద్యోగానికి కూడా పనికొస్తుందన్నారు. ఈమె మెడలోని గొలుసు తాకట్టు పెడదామనుకుంటున్నారు. భర్తేమో ‘మన ఊరి అంగన్‌వాడీ టీచరు వచ్చే ఏడాది దిగిపోతారు, దానికి అప్లికేషన్ పెట్టుకో, ఇంటి పక్కనే ఉంటుంది’ అంటున్నారు. మరిది ‘డిగ్రీ కట్టి బీఈడీ చెయ్యి వదినా’ అంటున్నాడు. అత్తగారు ‘పిలకాయల ముడ్డి కడిగేదానికి పట్టా ఏందిమే’ అన్నారట. ఆ మాటకు రాత్రంతా నిద్రపట్టలేదని రాశారు.

ఉత్తరం చివర్లో, ప్రశ్నతో సంబంధం లేదన్నట్టుగా, ఇంకొక సంగతి ఉంది. తుమ్మలపెంట బీచికి వెళ్లినప్పుడు ఈమె ఒక సంచీడు గవ్వలు, ఆల్చిప్పలు ఏరుకొచ్చి తరగతిలో చాప మీద పోశారు. పిల్లలు పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క, చారలున్నవి ఇంకో పక్క పెట్టుకుంటున్నారు. బడిలో చేరి రెండు నెలలైనా నోరు విప్పని ఒక మత్స్యకారుల పిల్లాడు అన్నిటికంటే పెద్ద చిప్ప తీసి గుండెకు ఆనించుకొని, ‘ఇది మా నాయనది’ అన్నాడు. అదే సమయానికి లోపలికొచ్చిన కరస్పాండెంట్, ఆటలు ఇంటి దగ్గర ఆడుకుంటారు, ముందు నాలుగు గీతల పుస్తకంలో ఏబీసీడీలు రాయించండి అన్నారు. ‘నేను చేసింది తప్పా? నిజంగా టీచరు కావాలంటే నేను ఏ చదువు చదవాలి?’ ఇదీ ప్రశ్న.

అమ్మా, మీరు చివరికి నెట్టేసిన ఆ సంగతి నుంచే మొదలుపెడతాను.

మీరు చేసింది తప్పు కాదు. ఆ వయసు పిల్లలకు చేయించాల్సిన పనే చేయించారు. పెద్దది, చిన్నది, చారలున్నది, లేనిది అని వేరు చేయడం వచ్చాకే పిల్లలకు అంకె అర్థమవుతుంది. అది రాకుండా ఒకటి నుంచి వంద దాకా అప్పజెప్పినా అది పాటే కాని లెక్క కాదు. ఇక పెన్సిల్ సంగతి. మూడున్నరేళ్ల పిల్లల వేళ్లలో గీత మధ్య అక్షరం నిలబెట్టేంత పట్టు ఉండదు. పిండి పిసకడం, కాగితం చించడం, పూసలు గుచ్చడం, గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్లు పోయడం, వీటితో ఆ పట్టు వస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా, పునాది దశగా పెట్టింది. దానికోసం 2022 అక్టోబరులో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు పాఠ్యపుస్తకాలే పెట్టవద్దని చెప్పింది. కరస్పాండెంట్‌తో వాదనకు దిగమని చెప్పడం లేదు. మీరు సొంత తెలివితో చేసినది దేశం ఒప్పుకున్న పద్ధతేనని మీకు తెలిసి ఉండాలి. ఆ ధైర్యం లేకపోతే, ఏ చదువు చదివినా రేపు ఇంకొకరు వచ్చి ‘ఇవేం ఆటలు’ అనగానే మళ్లీ గవ్వలు సంచిలో కట్టేస్తారు.

అయితే ఆ పిల్లాడి విషయంలో ఇంకో మాట ఉంది. రెండు నెలలు మాట్లాడలేదని మీరు బాధపడ్డారు, లాలించారు, పాటలు పాడారు. మంచిదే. ట్రైనింగ్ అయినవాళ్లు దానితో పాటు ఇంకొన్ని చూస్తారు. ఇంట్లో మాట్లాడతాడా? వెనకనుంచి పిలిస్తే తిరిగి చూస్తాడా? తోటి పిల్లలతో సైగలతో అయినా ఆడతాడా? తల్లిని అడిగి తెలుసుకుంటారు, రోజూ ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటారు, వినికిడి మీద ఏ మాత్రం అనుమానమున్నా పిల్లల డాక్టరుకు చూపించమంటారు. ఇతను మాట్లాడాడు కాబట్టి సరిపోయింది. తర్వాత వచ్చే పిల్లల్లో ఒకరికి నిజంగానే చెవి వినపడకపోతే? ప్రేమ ఒక్కటే ఉంటే ఆ సంగతి ఏడాది దాటాక బయటపడుతుంది. మీకు చదువు కావాలని నేను అనేది ఇందుకు. కరస్పాండెంట్ అడిగాడని కాదు.

ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి. ఒకటి, పని బాగా నేర్చుకోవడం. రెండోది, చేతికి కాగితం రావడం. రెండూ ఒకచోట దొరికితే అదృష్టమే, కానీ మీ ముందున్న దారులన్నీ అలాంటివి కావు. అదీగాక మీ ఉత్తరంలో మూడు వేరు వేరు ఉద్యోగాలు ఉన్నాయి. ప్రైవేటు బడిలో నర్సరీ టీచరు, అంగన్‌వాడీ కార్యకర్త, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల టీచరు. ఒక్కోదానికి ఒక్కో అర్హత. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో ఉద్యోగాన్ని మనసులో పెట్టుకొని సలహా చెబుతున్నారు. అందుకే అందరూ మీకు అడ్డుపడుతున్నట్టు కనపడుతోంది.

ముందు నెల్లూరు సెంటర్ సంగతి తేల్చుకుందాం, గొలుసు దానితోనే ముడిపడి ఉంది. మరియా మాంటిస్సోరి ఇటలీ డాక్టరు. 1939లో మద్రాసు అడయార్‌కు వచ్చి, ఇక్కడి టీచర్లకు స్వయంగా శిక్షణ ఇచ్చారు. ఆ పద్ధతిని నిష్ఠగా నేర్పే చోట, ఆమె రూపొందించిన పరికరాలు ఒక్కొక్కటీ చేత్తో పట్టుకొని గంటల తరబడి సాధన చేయిస్తారు, పిల్లల మధ్య ఊరికే కూర్చోబెట్టి గమనించడం నేర్పుతారు. కానీ ఆ పేరు ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. కాబట్టి ‘మాంటిస్సోరి డిప్లొమా’ అన్న మాట ఒక్కటే మీకు ఏ హామీ ఇవ్వదు. ప్రభుత్వ ఉద్యోగం మాట మాత్రం నిజం కాదు. ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు కావాలంటే రెండేళ్ల ప్రాథమిక టీచర్ల డిప్లొమా డీఎల్‌ఈడీ, టెట్ అనే అర్హత పరీక్ష, డీఎస్సీ అనే నియామక పరీక్ష కావాలి. ఆరు నెలల ప్రైవేటు డిప్లొమా అక్కడ లెక్కకు రాదు. చిన్నపిల్లల టీచర్ల కోసం, టీచరు చదువులకు గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ తన నిబంధనల్లో పెట్టిన కోర్సు కూడా రెండేళ్లదే, డిప్లొమా ఇన్ ప్రీస్కూల్ ఎడ్యుకేషన్ అంటారు, ఇంటర్‌లో 50 శాతం మార్కులుండాలి.

అయినా ఆ సెంటర్ పనికిరాదని ఇక్కడ కూర్చొని తీర్పు చెప్పను. ఒక పూట వెళ్లి చూడండి. పిల్లలున్న తరగతిలో ఎన్ని రోజులు ప్రాక్టీసు ఉంటుందో అడగండి. పరికరాలు చూపించమనండి. పాఠం చెప్పేవాళ్లు ఎక్కడ ట్రైనయ్యారో అడగండి. ఎన్‌సీటీఈ గుర్తింపు ఉంటే ఆ ఉత్తర్వు కాపీ ఇమ్మనండి. ప్రభుత్వ ఉద్యోగం వస్తుందన్న మాట రసీదు వెనక రాసి సంతకం పెట్టమనండి. ఆ చివరి దానికి వాళ్లు ఏం చేస్తారో చూస్తే మీకు చాలా తెలిసిపోతుంది. అన్నీ సరిగా ఉండి, ప్రైవేటు బడి ఉద్యోగం వరకైతే చాలనుకుంటే చేరవచ్చు. అప్పుడు కూడా లెక్క ఒకటి చూసుకోండి. 38,000 అంటే మీ ఆరు నెలల జీతం కంటే ఎక్కువ. తాకట్టు వడ్డీ దానికి అదనం. ఆ కాగితం తెచ్చాక జీతం ఎంత పెంచుతారో కరస్పాండెంట్‌ను ముందే అడిగారా? అడగండి. ఆయనకు ఏ సర్టిఫికెట్ సమ్మతమో, కోర్సులో చేరినట్టు చూపిస్తే జూన్‌లో కొనసాగిస్తారో లేదో కూడా స్పష్టంగా తెలుసుకోండి. ఐదేళ్లు పని చేసిన మనిషి అడగదగిన ప్రశ్నలే ఇవి.

ఉద్యోగం వదలకుండా చదివే దారి ఒకటి ఉంది. దూరవిద్య నడిపే కేంద్ర విశ్వవిద్యాలయం ఇగ్నోలో చిన్నపిల్లల సంరక్షణ, విద్య మీద డిప్లొమా ఉంది, డీఈసీఈ అంటారు. ఇంటర్ పాసైతే చాలు. కనీసం ఏడాది చదువు, కుదరకపోతే ఇంకొంత సాగదీసుకోవచ్చు. జనవరి, జూలైలలో చేరికలుంటాయి. ఫీజు కొన్ని వేల రూపాయల్లోనే ఉంటుంది, గొలుసు మెడలోనే ఉంటుంది. మొత్తం 32 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 30 గంటల చదువుగా లెక్కేస్తారు, అంటే 960 గంటలు. ఇంటి పని, బడి పని అయ్యాక రోజుకు రెండు గంటలు తీయగలిగితే ఏడాదిన్నర లోపు అవుతుంది. అందులో నాలుగో వంతు పిల్లల మధ్య చేసి రాయాల్సిన ప్రాజెక్టు పనే. మీకు తరగతి చేతిలో ఉంది కాబట్టి అది భారం కాదు, గవ్వల పాఠమే అందులో రాసి పంపవచ్చు. పుస్తకాలు, పరీక్ష ఏ భాషలో ఉంటాయో, మీకు దగ్గరలో స్టడీ సెంటర్ ఎక్కడో విజయవాడ ప్రాంతీయ కేంద్రంలో కనుక్కొని అప్పుడు ఫీజు కట్టండి. ఇంగ్లిషులో చదవాల్సి వస్తే మొదటి రెండు నెలలు కష్టమనిపిస్తుంది, దానికి సిద్ధపడాలి. ఇంకొకటి కూడా తెలిసి చేరండి. ఇది డీఎస్సీకి అర్హత కాదు. పని నేర్పుతుంది, ప్రైవేటు బడిలో విలువ ఇస్తుంది, అక్కడితో సరి.

డీఎల్‌ఈడీ పెద్ద దారి. చేరడానికి డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్‌లో 50 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 45 శాతం ఉండాలి. మీ శాతం ఎంతో ఉత్తరంలో రాయలేదు, దీని మీదే చాలా ఆధారపడి ఉంది. పై వయసు పరిమితి లేదు కాబట్టి 31 ఏళ్లని వెనకాడవద్దు. నెల్లూరు వాళ్లకు ఈ కోర్సు చెప్పే ప్రభుత్వ శిక్షణ సంస్థ, డైట్, పల్లిపాడులో ఉంది, 1921లో గాంధీగారు ప్రారంభించిన ఆశ్రమం ఉన్న ఊరే. ఒంగోలు వైపు వాళ్లకైతే మైనంపాడులో. కావలి నుంచి నెల్లూరే యాభై కిలోమీటర్లకు పైన, అక్కడి నుంచి మళ్లీ బస్సు. రెండేళ్లు రోజూ హాజరు కావాలి, మధ్యలో బడుల్లో ప్రాక్టీసు చేయాలి. ఉద్యోగం చేసుకుంటూ కుదరదు. అంటే ఫీజు తక్కువైనా రెండేళ్ల జీతం 1,44,000 వదులుకోవాలి. ఆ తర్వాత టెట్, డీఎస్సీ. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది, నిజమే. కానీ దానికి ముందు నియామకాలు జరిగింది 2018 డీఎస్సీతో. మధ్యలో ఏడేళ్లు అభ్యర్థులు ఎంత అల్లాడారో మీ చుట్టుపక్కల కోచింగ్‌కు వెళ్లినవాళ్లను అడిగితే చెబుతారు. ఈ దారి ఎంచుకుంటే, నోటిఫికేషన్ రాని ఏళ్లలో ఇల్లు ఎలా గడుస్తుందో ముందే అనుకోవాలి. గెలిస్తే మాత్రం జీవితం మారుతుంది, అందులో అనుమానం లేదు. ఒకటో, రెండో తరగతులు కూడా పునాది దశలోవే కాబట్టి మీరు ఇష్టపడే వయసు పిల్లలు అక్కడా ఉంటారు.

మరిది చెప్పిన బీఈడీ గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. అది హైస్కూలు టీచర్ల చదువు. డిగ్రీకి మూడేళ్లు, బీఈడీకి రెండేళ్లు. పైగా 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, ప్రాథమిక తరగతుల టీచరుకు బీఈడీ అర్హతగా చెల్లదని తీర్పిచ్చింది. అబ్బాయి మంచి మనసుతోనే చెప్పాడు, పాత సంగతి చెప్పాడు.

అంగన్‌వాడీ మాట విని మీరు కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు అనిపించింది. మీ ఆయన మీ చదువును తక్కువ చేయడానికి ఆ మాట అన్నారని నాకు అనిపించలేదు. రొయ్య రేటు ఎప్పుడు పడుతుందో తెలియని చోట పని చేసే మనిషి, నెల నెలా వచ్చే డబ్బు వైపు చూస్తారు. 2019లో పెంచినప్పటి లెక్క ప్రకారం కార్యకర్త గౌరవ వేతనం 11,500, ఇప్పుడు మీకొచ్చే దానికి దాదాపు రెట్టింపు. పదో తరగతి పాసై, ఆ ఊరి కోడలై, 21 నుంచి 35 ఏళ్ల లోపు ఉండాలన్నది నియమం. మీకు ఇంకా నాలుగేళ్లు టైముంది. డైట్‌కు ఎప్పుడైనా వెళ్లవచ్చు, ఈ తలుపు మాత్రం 35తో మూసుకుపోతుంది.

కానీ ఆ పని ఎలాంటిదో తెలిసి వెళ్లాలి. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పటి నుంచి అంగన్‌వాడీకి అప్పగించిన సేవలు ఆరు. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య విషయాలు చెప్పడం, పూర్వ ప్రాథమిక విద్య. అంటే మీకు ప్రాణమైన పని అందులో ఆరోది. బరువులు తూయాలి, గుడ్లు, పాలు లెక్క చూడాలి, గర్భిణుల వివరాలు ఫోన్‌లో ఎక్కించాలి. పిల్లలతో కూర్చునే సమయం మీరు గట్టిగా పట్టుబట్టి మిగుల్చుకోవాలి. అలా మిగుల్చుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల సెంటర్లలో పిల్లలు మధ్యాహ్నం అన్నం తిన్నాక కూడా ఇంటికి పోరు. ఒక లాభం ఏమిటంటే, ఇక్కడ ఉద్యోగం ముందు, ట్రైనింగ్ తర్వాత. ఇంటర్ చదివిన కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఇవ్వాలని విద్యా విధానమే చెప్పింది. 2023లో మొదలైన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కింద ఆటలతో చదువు చెప్పడం మీద శిక్షణ ఇస్తున్నారు. నాలుగు గీతల పుస్తకం పెట్టమని అడిగే కరస్పాండెంట్ అక్కడ ఉండడు. పోస్టు కచ్చితంగా ఖాళీ అవుతుందా, నోటిఫికేషన్ ఎప్పుడు అన్నది అంగన్‌వాడీలను చూసే అధికారి సీడీపీఓ ఆఫీసులో మీరే స్వయంగా అడగండి. మధ్యలో ఎవరైనా ‘నేను చూసుకుంటాను’ అని డబ్బు మాట ఎత్తితే అక్కడే లేచి వచ్చేయండి.

ఈ దారులు ఒకదానికొకటి అడ్డం కావు. జూలైలో ఇగ్నోలో చేరి, ఇప్పటి ఉద్యోగంలోనే ఉంటూ, అంగన్‌వాడీ నోటిఫికేషన్ వస్తే దరఖాస్తు పెట్టవచ్చు. మీ స్థితిలో నాకు ఎక్కువ మొగ్గు దానివైపే ఉంది. ఇంట్లో రెండేళ్లు మీ జీతం లేకుండా నడుస్తుందని, బాబును చూసుకోవడానికి ఇబ్బంది లేదని మీరిద్దరూ కూర్చొని లెక్కేసుకొని తేల్చుకుంటే, డైట్ వైపు వెళ్లండి, అప్పుడు నేను వెనక్కి లాగను. గొలుసు తాకట్టు పెట్టి ఆరు నెలల కాగితం తెచ్చుకోవడం మాత్రం నాకు నచ్చలేదు. అయినా సెంటర్ చూసొచ్చి నిర్ణయించాల్సింది మీరే.

అత్తగారి మాట. ఆ మాట ఎంత గుచ్చుకుందో అర్థమైంది. అయినా ఆమె చెప్పిన పని అబద్ధం కాదమ్మా. మూడేళ్ల పిల్లలతో ఉండేవాళ్లు ముడ్డీ కడగాలి, ముక్కూ తుడవాలి. ఇగ్నో డిప్లొమాలో ఒక భాగం అచ్చంగా పిల్లల ఆరోగ్యం, ఆహారం గురించే. తడిసిన లాగు మార్చేటప్పుడు విసుక్కోకుండా, ‘ఏ కాలు ముందు పెడదాం నాన్నా’ అని మాట్లాడే టీచరు దగ్గర పిల్లలు మాట నేర్చుకుంటారు, సిగ్గుపడకుండా అడగడం నేర్చుకుంటారు. అది చేసేవాళ్లను బడి ‘ఆయా’ అని కిందికి నెట్టి, బోర్డు మీద అక్షరం రాసేవాళ్లను పైకెత్తడమే అసలు అన్యాయం. ఆయా పనికి మారమన్నందుకు మీరు అవమానపడ్డారు. మీ బడిలో ఇప్పుడున్న ఆయమ్మకు పిల్లల గురించి ఏం తెలుసో ఒకసారి కూర్చొని అడిగి చూడండి. మీకు పనికొచ్చేవి చెబుతుంది.

మీరు చదువుకు కూర్చున్నా, పల్లిపాడు బస్సెక్కినా, బాబుకు అన్నం పెట్టాల్సింది అత్తగారే. కాబట్టి ఆమెతో పోట్లాట పెట్టుకోకండి. ‘మా ఆయన చిన్నప్పుడు అన్నం తినకుండా మారాం చేస్తే నువ్వేం చేసేదానివి అత్తా, కోర్సులో రాయాలంట’ అని అడగండి. ఆమె చెప్పింది నిజంగానే రాసుకోండి, ప్రాజెక్టుకు పనికొస్తుంది. మీ ఆయనకు మాత్రం మాటలతో కాకుండా కాగితం మీద చూపించండి. ఒక పక్క ఇగ్నో ఫీజు, ఇంకో పక్క సెంటర్ ఫీజు, వడ్డీ, అంగన్‌వాడీ వయసు లెక్క. డబ్బు లెక్క తెలిసిన మనిషి, అది చూస్తే మాట్లాడటం సులువవుతుంది.

ఇవన్నీ ఒకేసారి పెట్టుకోకుండా ఈ వారం రెండే పనులు చేయండి. ఇంటర్ మార్కుల మెమో తీసి శాతం చూసుకోండి. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉందేమో చూడండి. మన ఆడపిల్లల దరఖాస్తులు చాలావరకు ఇక్కడే ఇరుక్కుంటాయి. తేడా ఉంటే ఆధార్‌ను మెమోకు తగ్గట్టు సరిచేయించడానికి ఇప్పుడే మీసేవకో, ఆధార్ సెంటర్‌కో వెళ్లండి, నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే అందదు. శాతం ఎంతో తెలిశాక మళ్లీ రాయండి. 50 దాటి ఉంటే డీఈఈసెట్‌కు ఇంటి దగ్గరే ఎలా చదవాలో చెబుతాను. దాటకపోతే ఆ ఒక్క దారి పక్కన పెట్టి మిగతావాటి గురించి మాట్లాడుకుందాం.